స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే ఏ గేమ్ ఎంచుకోవాలి?

మా గుంపులో ఐదుగురం. ఒకే హాస్టల్లో నాలుగేళ్లు ఉండి, ఇప్పుడు తలో ఊళ్లో స్థిరపడ్డాం. వారానికి ఒక రాత్రి ఆన్‌లైన్‌లో కలుస్తాం. ఏళ్ల తరబడి నడుస్తున్న ఈ అలవాటు మధ్యలో ఒకసారి తెగిపోయేదాకా వచ్చింది. మాలో మాకు గొడవలేమీ లేవు, ఎంచుకున్న గేమ్ వల్లే వచ్చింది చిక్కంతా.

అప్పట్లో అందరూ ఆడుతున్నారని, ఐదుగురు మరో ఐదుగురితో తలపడే ఒక షూటింగ్ గేమ్ మొదలుపెట్టాం. ఇద్దరికి గురి బాగా కుదిరి ర్యాంకులు ఎక్కారు. ఒకడికి మాత్రం ఎంత ఆడినా కుదరలేదు. ప్రతి రౌండులో ముందు పోయేది వాడే. పోయాక రౌండ్ అయ్యేదాకా మా స్క్రీన్లు చూస్తూ కూర్చోవాలి. మేం వాణ్ని ఒక్క మాట అనలేదు. కానీ మ్యాచ్ ఓడిపోయాక అందరి మైకుల్లో ఒకేసారి మౌనం పడుతుంది కదా, దాని అర్థం వాడికి తెలుసు. మూడు వారాలకు ‘పాపకు ఒంట్లో బాలేదు’, ‘ఆఫీసులో పనుంది’ మొదలయ్యాయి. నెల తర్వాత సంగతి అర్థమై ఆ గేమ్ పక్కన పెట్టి, అందరం ఒకే వైపు ఉండే ఆట పెట్టుకున్నాం. ఆ రాత్రి వాడు రెండు గంటలదాకా కదల్లేదు.

అందుకే ఎవరైనా ‘ఫ్రెండ్స్‌తో ఆడటానికి మంచి గేమ్ చెప్పు’ అంటే నేను ముందు ఒకటే అడుగుతాను. మీలో అందరికంటే తక్కువ ఆడగలిగేది ఎవరు? ఆ మనిషికి ఈ ఆటలో చేయడానికి ఏముంది? గ్రాఫిక్స్, రేటింగ్‌లు, ఎంతమంది ఆడుతున్నారన్న లెక్కలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ముందు తలలు లెక్కపెట్టుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం ఎంపిక ఇక్కడే తేలిపోతుంది. ఇద్దరికి తయారైన ఆటలో మూడోవాడికి చోటుండదు. నలుగురి ఆటలో ఐదోవాడు బయట కూర్చోవాలి. స్నేహితుల మధ్య అలా బయట కూర్చోవడం ఒక వారం సరదాగా సాగుతుంది, రెండో వారానికి మనసు నొచ్చుకుంటుంది.

అందరూ ఒకే వైపు ఉండి ఆడే సహకార ఆటల్లో చాలావాటికి నలుగురే పరిమితి. నాకు అది మంచిదే అనిపిస్తుంది. సంభాషణల మీద పనిచేసిన రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు 1995లోనే గమనించారు: మాట్లాడుకుంటున్న గుంపులో నలుగురు దాటితే ఆ సంభాషణ చీలిపోతుంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడైతే చీలిన ముక్కలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకే వాయిస్ చానెల్‌లో అది కుదరదు. ఇద్దరి మాటలు ఒకదానిమీద ఒకటి పడి, చివరికి గొంతు పెద్దదైనవాడు మాట్లాడతాడు, మిగతావాళ్లు వింటారు. ఆరేడుగురు ఉంటే ఒకే ఆటలో అందరినీ కుక్కేకంటే రెండు జట్లుగా విడిపోవడం మేలు. లేదంటే అందరూ ఒకేసారి మాట్లాడనక్కర్లేని ఆట చూసుకోండి.

ఒకే వైపు నిలబడటమా, ఎదుటి జట్టుతో పోటీయా

అసలైన తేడా ఇక్కడుంది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

వాలరెంట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్ లాంటి పోటీ ఆటల్లో మీ జట్టుకు ఎదురుగా మరో ఐదుగురు మనుషులుంటారు. మీలో ఒకరు బలహీనంగా ఉంటే ఎదుటివాళ్లు ఆ సందులోంచే వస్తారు, ఆట తీరే అంత. అందుకే నైపుణ్యాల్లో తేడా ఎక్కువున్న గుంపులో ఇవి గుచ్చుకుంటాయి. పైగా నియమాలూ అడ్డొస్తాయి. వాలరెంట్ పోటీ మోడ్‌లో ఐదుగురి పార్టీగా వెళ్లొచ్చు గానీ నలుగురిగా వెళ్లడం కుదరదు. ఎందుకంటే ఐదోవాడిగా వచ్చే ముక్కూ మొహం తెలియని మనిషి ఆ నలుగురి మధ్య ఒంటరైపోతాడు. మంచి నియమమే. కానీ ఒకరు రాని రోజున మిగిలిన నలుగురూ వేరే మోడ్ చూసుకోవాలి. మ్యాచ్ ముప్పావు గంటదాకా సాగొచ్చు, మధ్యలో లేస్తే శిక్ష పడుతుంది. ఇంట్లో పసిపిల్ల ఉన్నవాడికి ఇది ఎంత టెన్షనో ఆలోచించండి.

అలాగని పోటీ ఆటలు వద్దని అనను. అందరూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉండి, కలిసి నేర్చుకుందామన్న పట్టుదల ఉంటే అవి ఇచ్చే ఆనందం వేరు. నెలల తరబడి సాధన చేసిన ఎత్తు ఒక మ్యాచ్‌లో పారితే ఆ అరుపులు పక్కగదికి వినిపిస్తాయి. పోటీ కావాలి గానీ బరువు వద్దనుకుంటే రాకెట్ లీగ్ చూడండి. కార్లతో ఆడే ఫుట్‌బాల్ అది, మ్యాచ్ గడియారం 5 నిమిషాలే. ఓడినా బాధపడేలోపు తర్వాతి మ్యాచ్ మొదలవుతుంది. 2020 నుంచి ఉచితం కూడా.

సహకార ఆటల్లో ఎదుట ఉండేది కంప్యూటర్ నడిపే శత్రువులు. కష్టం ఎంత ఉండాలో మీరే పెట్టుకోవచ్చు. ఇంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. మంచి సహకార ఆట ప్రతి ఒక్కరికీ ఇంకొకరి అవసరం కల్పిస్తుంది. 2008లో వచ్చిన లెఫ్ట్ 4 డెడ్‌లో కొన్ని రకాల శత్రువులు మీద పడి పట్టుకుంటే మీ అంతట మీరు విడిపించుకోలేరు. పక్కవాడు రావాల్సిందే. ఎంత మొనగాడైనా ఒక్కడే ముందుకు పరిగెత్తితే మధ్యలో ఇరుక్కుంటాడు. జట్టుగా నడవమని ఆట ఎక్కడా ఉపదేశించదు, ఒంటరిగా పోతే ఏమవుతుందో చూపిస్తుంది.

మా రాత్రిని నిలబెట్టిన ఆట డీప్ రాక్ గెలాక్టిక్. నలుగురు మరుగుజ్జు గని కార్మికులు చీకటి గుహల్లోకి దిగి ఖనిజాలు తవ్వుకొస్తారు. ఒక దృశ్యం చెబుతాను. గుహ పైకప్పు కింద, చాలా ఎత్తులో ఎర్రటి నైట్రా ఖనిజం మెరుస్తోంది. అది ఉంటేనే తూటాలు తెప్పించుకోగలం. మా నలుగురి పాత్రల్లో స్కౌట్ దగ్గర కొక్కెం తాడుంది, ఎగిరి అక్కడికి చేరగలడు, కానీ నిలబడటానికి చోటు లేదు. ఇంజినీర్ దగ్గర గోడకు అతుక్కునే ప్లాట్‌ఫామ్‌లు కాల్చే తుపాకీ ఉంది, పైకి ఎక్కలేడు. ‘ఒరేయ్, దాని కింద ఒకటెయ్యి రా.’ ఠప్ అని ప్లాట్‌ఫామ్ అతుక్కుంటుంది, స్కౌట్ తాడు విసిరి దానిమీద వాలి తవ్వడం మొదలుపెడతాడు. ఆ ఇంజినీర్ ఎవరనుకున్నారు? షూటింగ్ గేమ్‌లో ముందు పోయేవాడే. ఇప్పుడు వాడు లేకపోతే మాకు తూటాల్లేవు. మిషన్ చివర్లో వెనక్కి తీసుకెళ్లే వాహనంలోకి కనీసం ఒక్కరు చేరినా మిషన్ గెలిచినట్టే. కాబట్టి ముగ్గురు పడిపోయి ఒక్కడే పరిగెడుతుంటే మిగతా ముగ్గురూ ఊపిరి బిగబట్టి వాడికి దారి చెబుతుంటారు. మేం ఐదుగురం కాబట్టి ఇందులో ఒకరు మిగిలిపోతారు, నిజమే. మిషన్‌కొకరు చొప్పున వంతులు వేసుకున్నాం.

దీనికి పూర్తిగా వేరే రుచి హెల్‌డైవర్స్ 2ది. ఇదీ నలుగురి సహకారమే గానీ సొంత జట్టువాడి తూటా తగిలినా చస్తారు, ఆ నియమాన్ని ఆపేసే వీలు లేదు. నవ్వుకోగలిగే స్నేహితులైతే దీన్ని మించింది లేదు. ప్రతి చిన్నదానికీ ‘నీ వల్లే’ అనే మనిషి గుంపులో ఉంటే మాత్రం దూరంగా ఉండండి.

ఇద్దరే ఉంటే

ఇద్దరికే అయితే నేను వెతుక్కోను, ఇట్ టేక్స్ టూ పేరే చెబుతాను. 2021లో వచ్చింది, అదే ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఆ సంవత్సరపు ఉత్తమ గేమ్‌గా నిలిచింది. ఒంటరిగా ఆడే వీలే లేదు. ఒకరికి మేకు దొరికితే ఇంకొకరికి సుత్తి దొరుకుతుంది. ఒకరు కొంటే చాలు, ఫ్రెండ్స్ పాస్‌తో రెండోవారు ఉచితంగా చేరొచ్చు. ఎప్పుడూ గేమ్‌లు ఆడని జీవిత భాగస్వామితోనో, దూరంగా ఉన్న చెల్లితోనో ఆడటానికి ఇది సరిగ్గా సరిపోతుంది. కాకపోతే ఇద్దరి దగ్గరా ఒకే రకం పరికరం ఉండాలి. ఒకరికి కన్సోల్, ఇంకొకరికి కంప్యూటర్ ఉంటే అదే బృందం 2025లో తెచ్చిన స్ప్లిట్ ఫిక్షన్ తీసుకోండి, అందులో ఆ అడ్డు లేదు.

కలిసి కట్టుకునే ప్రపంచాలు

మైన్‌క్రాఫ్ట్, స్టార్‌డ్యూ వ్యాలీ, టెరారియా, వాల్‌హైమ్ లాంటివి ఇంకో తరహా. ఇక్కడ గెలుపోటములు వెనక్కి తగ్గుతాయి. ఒకరు పొలం దున్నుతుంటారు, ఒకరు గనిలో ఉంటారు, ఒకరు ఇంటికి కప్పు వేస్తుంటారు. చేతులు పనిలో ఉంటాయి, మాటలు ఎటో పోతుంటాయి. ఉద్యోగం మారాలా వద్దా, నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది లాంటి అసలు కబుర్లు మా గుంపులో ఇలాంటి ఆటల్లోనే బయటికి వచ్చాయి. తుపాకులు పేలుతున్నప్పుడు ఎవరూ అవి చెప్పుకోరు. ముఖాముఖి కూర్చుని చెప్పడం కష్టమైన మాట కంచె కడుతూ చెప్పడం తేలిక. చాలాకాలం తర్వాత కలుస్తున్న స్నేహితులకు నా మొదటి సలహా ఈ తరహానే.

అయితే మొదలుపెట్టేముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆ ప్రపంచం ఎవరి దగ్గర ఉంటుంది?

స్టార్‌డ్యూలో పొలం హోస్ట్ (ఆట తెరిచి మిగతావాళ్లను పిలిచే మనిషి) కంప్యూటర్‌లో ఉంటుంది. హోస్ట్ ఆన్‌లైన్‌లో లేకపోతే మిగతావాళ్లకు తలుపు మూసే ఉంటుంది. వాల్‌హైమ్‌లో మీ పాత్ర మీ దగ్గరే ఉంటుంది గానీ ప్రపంచం హోస్ట్‌దే, లేదా విడిగా పెట్టుకున్న సర్వర్‌ది. మైన్‌క్రాఫ్ట్‌కు రియల్మ్స్ అనే చందా సేవ ఉంది. యజమానితో పాటు ఒకేసారి 10 మంది ఉండొచ్చు, యజమాని లేకపోయినా మిగతావాళ్లు ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి ఒక ఆటలో మేం ఏడాదిపాటు కట్టుకున్న ఊరు ఒకే ఒక్క లాప్‌టాప్‌లో ఉండేది. హార్డ్‌డిస్క్ పోయింది, ఊరూ పోయింది. ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు గానీ రెండు వారాలు ఎవరికీ ఆడబుద్ధి కాలేదు. నెలకోసారి సేవ్ ఫైల్‌ను కాపీ చేసి ఇంకొకరికి పంపండి. ఐదు నిమిషాల పని.

ఆస్తి పంపకం గురించి కూడా ముందే మాట్లాడుకోండి. స్టార్‌డ్యూలో డబ్బు మామూలుగా అందరిదీ ఒకే సంచిలో ఉంటుంది, కావాలంటే ఎవరిది వారికి విడదీసుకోవచ్చు. సంచి ఒకటైతే, ఒకడు కూడబెట్టిందంతా ఇంకొకడు పొద్దున్నే విత్తనాలకు తగలేస్తాడు. నవ్వొచ్చే సంగతే గానీ దీని మీద నిజంగానే ముఖాలు మాడ్చుకున్నవాళ్లను చూశాను. రోజు ముగియాలంటే అందరూ మంచమెక్కాలన్న నియమం మాత్రం నాకు చాలా ఇష్టం. ‘ఇంకా ఎవర్రా నిద్రపోనిది?’ అని పిలుచుకోవడంలో ఒకే ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. ఒకరికి ఖాళీ ఎక్కువుండి రోజూ ఆడుతుంటే, వారానికోసారి వచ్చేవాళ్లకు చేయడానికి ఏమీ మిగలదు. వచ్చి చూస్తే కోట కట్టేసి ఉంటుంది. ‘అందరం ఉన్నప్పుడే ముందుకు పోదాం, విడిగా వస్తే తోట పని మాత్రమే’ అని మేం ఒప్పందం పెట్టుకున్నాం.

అనుమానం, అబద్ధం

అమాంగ్ అస్ 2018లో వచ్చినా ప్రపంచమంతా ఆడింది 2020లో. 4 నుంచి 15 మందిదాకా ఆడొచ్చు కాబట్టి పెద్ద గుంపుకు ఇది సరిపోతుంది. పనులు చేసుకునేటప్పుడు మౌనంగా ఉండి, మీటింగ్ పిలిచినప్పుడే మాట్లాడాలి కాబట్టి ఇందాక చెప్పిన గొంతుల గందరగోళం కూడా తక్కువ. గురి అక్కర్లేదు, ఫోన్లోనూ ఆడొచ్చు. కానీ ఇందులో నైపుణ్యమంటే అబద్ధం చెప్పడం. బాగా దగ్గరివాళ్ల మధ్య ఇది పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుంది. పరిచయం కొత్తగా ఉన్న గుంపులో, సిగ్గుపడే మనిషి మీద పదిమంది ఒకేసారి నింద వేస్తే, ఆట అని తెలిసినా ఆ మనిషి ముడుచుకుపోతారు. కొత్తవాళ్లుంటే మొదటి వారమే దీన్ని ఎంచుకోకండి.

మాటతోనే నడిచే ఆటలు

కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్‌లో ఒకరికి బాంబు కనిపిస్తుంది, దాన్ని ఆపే మాన్యువల్ కనిపించదు. మిగతావాళ్లకు మాన్యువల్ ఉంటుంది, బాంబు కనిపించదు. ‘నాలుగు తీగలున్నాయి, రెండు ఎర్రవి, చివరిది నీలం’, ‘ఆగు ఆగు, సీరియల్ నంబర్ చివరి అంకె ఎంత?’ ఇలా సాగుతుంది. గేమ్ ఒకరి దగ్గరుంటే చాలు, మాన్యువల్ ఉచితం. గేమ్‌లంటే గిట్టనివాళ్లు కూడా మాన్యువల్ చదవడానికి ఒప్పుకుంటారు. జాక్‌బాక్స్ ఆటలూ అంతే, ఒకరు స్క్రీన్ పంచుకుంటే మిగతావాళ్లు ఫోన్లో కోడ్ కొట్టి చేరతారు. అయితే వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లిష్ మాటల చమత్కారం మీద నడుస్తాయి. గుంపులో అందరికీ ఆ భాష అంత సులువు కాకపోతే బొమ్మలు గీసేవి ఎంచుకోండి.

టైమే కుదరనివాళ్లకు

ఒకే వేళకు కలవలేకపోతే ఉత్తరాల పద్ధతిలో ఆడండి. లీచెస్ అనే వెబ్‌సైట్‌లో ఒక్కో ఎత్తుకు రోజుల గడువు పెట్టుకుని ఉచితంగా చదరంగం ఆడొచ్చు. మధ్యాహ్నం నేనొక ఎత్తు వేస్తే రాత్రికి అటునుంచి జవాబు వస్తుంది. మాట తక్కువే గానీ తెగని దారం అది.

మైక్, పింగ్, పరికరాలు

చాలామంది ఆట ఎంచుకుని తర్వాత ఇవి చూసుకుంటారు. తిరగెయ్యండి. ముందు ఒక కాగితం మీద ఎవరి దగ్గర ఏ పరికరం ఉందో రాసుకోండి. ఒక్కరి దగ్గర ఫోన్ మాత్రమే ఉన్నా ఫోన్లో లేని ఆటలన్నీ కొట్టేయాల్సిందే. ఒకే పేరుతో ఉన్న గేమ్ అయినంత మాత్రాన అందరూ కలవగలరని కాదు. మైన్‌క్రాఫ్ట్‌లో జావా ఎడిషన్ కొన్నవాళ్లు, బెడ్‌రాక్ ఎడిషన్ ఉన్నవాళ్లు మామూలుగా కలిసి ఆడలేరు. ఫోన్లు, కన్సోళ్లు కలవాలంటే బెడ్‌రాకే తీసుకోవాలి. డీప్ రాక్‌ను కంప్యూటర్ కోసం స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్నవాళ్లు ప్లేస్టేషన్‌వాళ్లతో కలవలేరు. కొనకముందే, వేర్వేరు పరికరాలవాళ్లు కలిసి ఆడే వీలు, అంటే ‘క్రాస్‌ప్లే’ ఉందో లేదో చూసుకోండి.

స్నేహితులు దూరదేశాల్లో ఉంటే పింగ్, అంటే మీరు నొక్కింది సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, ఎక్కువుంటుంది. 200 మిల్లీసెకన్ల ఆలస్యం షూటింగ్ ఆటలో ప్రాణం తీస్తుంది, పొలం దున్నే ఆటలో అది పెద్దగా తెలియదు. ఎవరో ఒకరికే ఎప్పుడూ ల్యాగ్ వస్తుంటే వాళ్లను సర్దుకోమనకుండా ఆటే మార్చండి.

మైక్ విషయంలో ఒక మాట. అందరికీ ఇంట్లో గట్టిగా మాట్లాడే వీలుండదు. నిద్రపోతున్న పిల్లలుంటారు, పక్కనే పెద్దవాళ్లుంటారు. అలాంటివారి కోసం పింగ్ బటన్ ఉన్న ఆట వెతకండి. (ఈ పింగ్ వేరు: తెర మీద ఒక చోటును గుర్తు పెట్టి జట్టుకు చూపించడం.) 2019లో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్‌లో దీన్ని చక్కగా అమర్చారు. శత్రువు ఎక్కడ, తూటాలు ఎక్కడ, ఎటు పోదాం అన్నదంతా ఒక్క బటన్‌తో చెప్పొచ్చు, మీ పాత్ర గొంతే ఆ మాట పలుకుతుంది. తెలియనివాళ్లతో మాట్లాడటానికి జంకేవాళ్లకూ ఇది హాయి.

గుంపులో ఖాళీ చోటును గేమే ముక్కూ మొహం తెలియనివాళ్లతో నింపేస్తుంటే, వాళ్లలో ఎవరైనా మీ స్నేహితుణ్ని తిడితే వెంటనే మ్యూట్ చేసి రిపోర్ట్ కొట్టండి. తిట్లు తిన్నవాడు ‘పర్లేదులే’ అంటాడు. పర్లేదు కాదు. ఆ పని వాడు చేసుకునేదాకా ఆగకుండా మీరే చేయండి.

అందరి ఇష్టాలూ ఒకటి కాకపోతే

రాయ్ ట్రబ్‌షా 1978లో మొదలుపెట్టిన తొలినాటి ఆన్‌లైన్ ఆట మడ్‌ను ఆయనతో కలిసి తయారుచేసిన రిచర్డ్ బార్టిల్, 1996లో ఆటగాళ్లను నాలుగు రకాలుగా చెప్పాడు. సాధించాలనుకునేవాళ్లు, కొత్తచోట్లు వెతికేవాళ్లు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు, ఎదుటివాణ్ని ఓడించడంలో ఆనందం ఉన్నవాళ్లు. మీ గుంపును ఈ కళ్లతో ఒకసారి చూడండి. మాలో కబుర్లవాళ్లు ముగ్గురు, సాధించేవాడు ఒకడు, పోటీవాడు ఒకడు. ఆ పోటీవాడికి ఆకలి తీరడానికి మిగతా రోజుల్లో వేరే జట్టుంది. మా రాత్రి మాత్రం గుహలోకే దిగుతాడు, సంతోషంగానే.

కొత్త ఆటను ఎంచుకునేటప్పుడు మేం ఇప్పుడు ఓట్లు వేసుకోవడం మానేశాం. ఓట్లలో ఎప్పుడూ పోటీవాడు, వాడి వెంట ఇంకో ఇద్దరు గెలిచేవాళ్లు. దానికి బదులు వంతులవారీగా ఒక్కొక్కరు ఆట చెబుతారు, అందరం దాన్ని మూడు వారాలు ఆడతాం. మొదటి రాత్రి నియమాలు నేర్చుకోవడంతోనే సరిపోతుంది కాబట్టి ఒక్కసారికే తీర్పు చెప్పకూడదు. మూడో వారం తర్వాత నేను స్కోరు చూడను. ఎవరు ఆలస్యంగా వస్తున్నారు, ఎవరు ముందే లేచిపోతున్నారు, ఆట ముగిశాక కూడా లాబీలో ఎవరు మిగులుతున్నారు అన్నది చూస్తాను. పోయిన నెల వంతు మా ఇంజినీర్‌ది. ఒక చిన్న చేపల వేట ఆట తెచ్చాడు. నేనైతే దాన్ని ఎప్పటికీ ఎంచుకునేవాణ్ని కాదు. మూడు వారాలు దాటినా ఇంకా దాన్నే ఆడుతున్నాం.